లూప్ నడుస్తుండగానే లాటు తీసేస్తే

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 24. ఇంజనీరింగ్ అయ్యాక బ్రాడీపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరారు. మిర్చి యార్డులోని కమిషన్ కొట్లకు లెక్కల ప్రోగ్రాములు జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిస్తారు. ఉద్యోగం ఇప్పించింది నాన్నగారి స్నేహితుడి కొడుకు. ఆఫీసులో ఆయనే సీనియర్. ఈమె ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తారు.

ఆమెకు అప్పగించిన పని వినడానికి చిన్నదే. రోజంతా కొట్టుకు వచ్చిన లాట్లు, అంటే రైతులు తెచ్చిన సరుకు విడతలు, ఒక లిస్టులో ఉంటాయి. ధర నచ్చక రైతు వెనక్కి తీసుకున్న లాట్లను సాయంత్రం ఆ లిస్టులోంచి తీసేసి, మిగతావాటికి పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు, రాయాలి. ఆమె లిస్టులోవాటిని ఒక్కొక్కటిగా చేతికిచ్చే ఫర్-ఈచ్ లూప్ పెట్టి, లాటు రద్దయితే రిమూవ్ (తీసేయి), లేకపోతే పట్టీ అని రాశారు. రెండు లాట్లతో, మొదటిది రద్దు చేసి టెస్ట్ చేశారు. రద్దయిన లాటు పోయింది. బాగానే ఉందనుకుని కొట్టులో పెట్టారు.

కొన్నాళ్లకు, ఒక సాయంత్రం చివరగా కాటా అయిన రైతుకి పట్టీ రాలేదు. ఎర్రర్ కూడా ఏమీ లేదు. ఇంకోరోజు ప్రోగ్రామే కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ చూపి ఆగిపోయింది. కొట్టు గుమాస్తా ముందే సీనియర్ కేకలేశారు: "ఫర్-ఈచ్ రాసేవాళ్లకు ప్రోగ్రామింగ్ రానట్టే. ఇండెక్స్ పెట్టి రాయి." ఆమె తీసేయడాన్ని ఇండెక్స్ లూప్‌లోకి, అంటే స్థానం అంకెతో నడిచే లూపులోకి మార్చి, పట్టీలను వేరే లూప్‌లో పెట్టారు. ఎర్రర్ పోయింది. సీజన్ మధ్యలో ఒక రైతు తన రెండు లాట్లూ వెనక్కి తీసుకుంటే, రెండోదానికి మాత్రం పట్టీ వచ్చేసింది. అమ్మని సరుక్కి అమ్మినట్టు లెక్క. మళ్లీ అందరిముందూ చీవాట్లు.

ఇప్పుడామె టెన్షన్ రెండింతలైంది. హమాలీ లెక్కల్లో, కోల్డ్ స్టోరేజీ లెక్కల్లో సీనియర్ ఎప్పుడో రాసిన లూపులు చూస్తే, అవీ అచ్చం అలాగే ఉన్నాయట. "ఆయన చెప్పినట్టే రాశాను, తప్పు వచ్చింది. ఆయన కోడ్‌లోనూ అదే ఉంది. చెబితే ఉద్యోగం ఇప్పించిన మనిషిని తప్పుపట్టినట్టు అవుతుంది. చెప్పకపోతే ఇంకో రైతు లెక్క పాడవుతుంది. అమ్మ బ్యాంకు కోచింగ్‌కి వెళ్లమంటోంది. ఒక్క లూపు సరిగ్గా రాయలేనిదాన్ని ఈ పనికి పనికొస్తానా?" అని అడిగారు. తన కోడ్ కూడా జతచేశారు.

సమాధానం:

మీ కోడ్ రెండుసార్లు చదివాను. మీకు జరిగిన మూడు సంఘటనలకీ కారణం ఒక్కటే. లిస్టు మీద నడుస్తూ, ఆ నడకలోనే లిస్టును మార్చారు. ఇది లూపు రాయడం రాకపోవడం కాదు. జావా నేర్చుకునేవాళ్లలో చాలామంది ఏదో ఒకరోజు ఇక్కడ చిక్కుకుంటారు. మీ సీనియర్ చెప్పిన మందు ఎర్రర్‌ని మాయం చేసింది, జబ్బును అలాగే ఉంచింది. అందుకే ఏం జరిగిందో ముందు కళ్లారా చూద్దాం. రేపు ఆయనతో మాట్లాడాలన్నా అది మీ చేతిలో ఉండాలి.

ఐదు లాట్లు అనుకోండి: తేజ, 334, 341, బ్యాడిగ, తాలు. నాలుగోది, అంటే బ్యాడిగ, రైతు వెనక్కి తీసుకున్నాడు. మీరు రాసిన ఫర్-ఈచ్‌ను కంపైలర్ (కోడ్‌ను యంత్రం నడిపేలా మార్చేది) ఇటరేటర్‌గా, అంటే లిస్టులోవి వరుసగా అందించే సాధనంగా మారుస్తుంది. ఆ ఇటరేటర్ దగ్గర కర్సర్ అని ఒక అంకె ఉంటుంది, తర్వాత ఏ స్థానంలోది ఇవ్వాలో చెప్పేది (స్థానాల లెక్క సున్నా నుంచి మొదలు). ఇంకా ఏమైనా మిగిలాయా అని అడిగితే అర్రేలిస్ట్ (మీరు వాడిన జావా లిస్టు రకం) ఇటరేటర్ చూసేది ఒక్కటే: కర్సర్, లిస్టు సైజు సమానమా కాదా. నాలుగో లాటు మీ చేతికి ఇచ్చేసరికి కర్సర్ 4. మీరు ఆ లాటు తీసేశారు, సైజు 5 నుంచి 4కి దిగింది. నాలుగుకి నాలుగు సరిపోయింది, ఇక ఏమీ లేవనుకుని లూపు ఆగిపోయింది. తాలు లాటును ఎవరూ పలకరించలేదు. ఆ రైతు పట్టీ రాకపోవడానికి కారణం ఇదే. చివరినుంచి రెండో స్థానంలోది తీసేస్తే మాత్రమే ఇలా చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. మీ టెస్టులో రెండే లాట్లు, రద్దయింది మొదటిది. రెండింటిలో మొదటిదంటే చివరినుంచి రెండోదే కదా. రద్దయింది పోయిందా అని చూశారు గానీ, మిగిలినదానికి పట్టీ వచ్చిందా అని చూడలేదు.

రెండో సంఘటనలో రద్దయిన లాటు మధ్యలో ఎక్కడో ఉండి ఉంటుంది. లిస్టులోకి ఏదైనా కలిపినా తీసినా పెరిగే లెక్క ఒకటి అర్రేలిస్ట్ లోపల ఉంటుంది, మాడ్‌కౌంట్ అంటారు. ఇటరేటర్ పుట్టగానే ఆ లెక్కను రాసిపెట్టుకుంటుంది. తర్వాతి లాటు ఇవ్వబోయే ముందు పోల్చి చూస్తుంది. తేడా కనిపిస్తే, నాకు తెలియకుండా ఎవరో లిస్టు మార్చారని ఎక్సెప్షన్ విసిరి ఆగిపోతుంది. దానికి రెండు థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే రెండు పనులు అక్కర్లేదు. నడుస్తున్నదీ మీరే, మార్చిందీ మీరే అయినా వస్తుంది. అయితే ఎప్పుడూ వస్తుందన్న పూచీ లేదని జావా డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. కాబట్టి దాన్ని కాపలాగా నమ్ముకోకూడదు. కానీ వచ్చినప్పుడు దాన్ని తిట్టుకోకండి. ఆరోజు ప్రోగ్రామ్ ఆగింది కాబట్టి తప్పుడు పట్టీ ఒక్కటీ బయటికి వెళ్లలేదు. మీకు నష్టం చేసినవి ఎర్రర్ రాని రోజులే.

ఇక ఇండెక్స్ లూపు. పెళ్లి భోజనాల బంతిలో కూర వడ్డిస్తున్న మనిషిని ఊహించుకోండి. మూడో ఆకు దగ్గర ఉండగా అక్కడి మనిషి లేచి వెళ్లిపోయాడు, నాలుగో ఆకు దగ్గరివాడు జరిగి ఆ ఖాళీలో కూర్చున్నాడు. వడ్డించేవాడు మాత్రం మూడో ఆకు అయిపోయిందని నాలుగో ఆకుకి వెళ్లాడు. జరిగి కూర్చున్నవాడికి కూర లేదు. ఇండెక్స్ 2 దగ్గర, అంటే మూడోదాని దగ్గర, రిమూవ్ చేయగానే 3లో ఉన్నది 2లోకి జరుగుతుంది, స్థానాలు లెక్కపెట్టే మీ ఐ విలువ 3కి వెళ్తుంది. జరిగినదాన్ని చూడరు. అది మామూలు లాటైతే మీ రెండో కోడ్‌లో నష్టం లేదు, ఎందుకంటే పట్టీలు వేరే లూపులో రాస్తున్నారు. అది కూడా రద్దయిన లాటైతేనే చిక్కు. పక్కపక్కనే ఎక్కించిన రెండు లాట్లూ వెనక్కి వెళ్లిన రోజు మాత్రమే బయటపడుతుంది. మధ్యలో అన్నిరోజులు బాగా నడిచినట్టు కనిపించింది అందుకే. మీ సీనియర్ కోడ్ కూడా ఇన్నాళ్లు బాగా నడిచినట్టు కనిపించడానికి ఇదే కారణం అయ్యుంటుంది. ఆయన తెలిసి దాచారని మాత్రం అనుకోవద్దు.

ఫర్-ఈచ్ రాసేవాళ్లకు పని రాదన్న మాట మనసులోంచి తీసేయండి. 2004లో జావా 5తో వచ్చిన ఫర్-ఈచ్ అడుగున ఉన్నది ఇటరేటరే. నడిచే పనిని కలెక్షన్‌కే (లిస్టులాంటి సేకరణకే) అప్పగించాలన్న ఆలోచన ఇంకా పాతది. 1970లలోనే ఎం.ఐ.టి.లో బార్బరా లిస్కోవ్ బృందం సీఎల్‌యూ అనే భాషలో ఇటరేటర్లు పెట్టింది. లోపల అర్రే ఉందో, లింకుల గొలుసు ఉందో వాడేవాళ్లకు తెలియనక్కర్లేదన్నది దాని ఉద్దేశం. ఇండెక్స్‌తో అలా కుదరదు. రేపు ఎవరైనా ఆ లిస్టును లింకుల గొలుసుగా ఉండే లింక్డ్‌లిస్ట్‌గా మారిస్తే, ఇండెక్స్‌తో అడిగిన ప్రతిసారీ అది ఒక చివరనుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి. సీజన్‌లో లాట్లు పెరిగేకొద్దీ లూపు అంతకంత నెమ్మదిస్తుంది.

మీ ముందు దారులు చాలానే ఉన్నాయి. ఇటరేటర్‌ను మీరే చేతిలో పట్టుకుని వైల్ లూపులో నడుస్తూ, లిస్టుతో కాకుండా ఇటరేటర్‌తోనే రిమూవ్ చేయిస్తే సరిపోతుంది. అప్పుడు కర్సర్‌నీ, రాసిపెట్టుకున్న లెక్కనీ అదే సర్దుకుంటుంది. జావా 8 నుంచి రిమూవ్‌ఇఫ్ ఉంది. ఏది తీసేయాలో షరతు చెబితే చాలు, ఒక్క వరుస. అర్రేలిస్ట్‌లో అది ముందు అన్నింటినీ పరీక్షించి, తర్వాత ఒకేసారి జరుపుతుంది, మధ్యలో ఏదీ తప్పిపోదు. మీ సీనియర్ ఇండెక్సే ఉండాలని పట్టుబడితే చివరినుంచి మొదటికి నడపండి. తీసేసినప్పుడు జరిగేవన్నీ మీరు ఇప్పటికే చూసేసినవే అవుతాయి. ఆయన పాత కోడ్‌లో అతితక్కువ మార్పుతో కుదిరేది ఇదే, ఆయనకు ఒప్పుకోవడమూ సులువు.

నెట్‌లో వెతికితే ఇంకో రెండు సలహాలు దొరుకుతాయి. వాటికి దూరంగా ఉండండి. ఒకటి, ఎక్సెప్షన్‌ను క్యాచ్ చేసి వదిలేయమనడం. అలా చేస్తే మిగిలిన లాట్లన్నీ గాలికి పోతాయి, తెలిసే దారి కూడా పోతుంది. రెండోది కాపీ-ఆన్-రైట్ లిస్టు పెట్టమనడం. దాని ఇటరేటర్ తను మొదలైనప్పటి నకలు మీద నడుస్తుంది కాబట్టి ఎర్రర్ రాదు, నిజమే. కానీ రాసిన ప్రతిసారీ మొత్తం లిస్టును కొత్తగా కాపీ చేస్తుంది. చదివేవాళ్లు ఎక్కువ, మార్చేవాళ్లు తక్కువ ఉండి, పలు థ్రెడ్లు వాడేచోట కోసం చేసిన వస్తువు అది. మీకు పనికిరాదు.

నన్నడిగితే వీటన్నింటికన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: రద్దయిన లాటును అసలెందుకు తీసేయాలి? కొట్లో కాగితం మీద రాసిన రోజుల్లో గుమాస్తా రద్దయిన లాటు మీద అడ్డగీత కొట్టేవాడే గానీ పేజీ చింపేవాడు కాదు. మర్నాడు రైతు వచ్చి నా టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని దిగాయి, ఎన్ని వెనక్కి వెళ్లాయి అంటే చూపించడానికి ఆ వరుస ఉండాలి కదా. హమాలీ వాళ్లు ఆ టిక్కీలు దింపారు, వాళ్ల లెక్కకీ అది కావాలి. లాటుకు వెనక్కి వెళ్లింది అనే స్థితి పెట్టి, పట్టీలు రాసేటప్పుడు దాన్ని దాటేయండి. లేదా పట్టీకి అర్హమైనవాటిని కొత్త లిస్టులోకి ఏరుకోండి, పాతది ముట్టుకోకండి. అప్పుడు నడుస్తూ తీసేయడం అన్న సమస్యే ఉండదు. దీనికి ఒక ఖర్చు ఉంది: మొత్తం చూపే ప్రతి స్క్రీను ఆ స్థితిని గమనించేలా మార్చాలి. ఒక్కచోట మర్చిపోయినా రోజు మొత్తంలో టిక్కీలు ఎక్కువ కనిపిస్తాయి. సీజన్ నడుస్తుండగా ఇంత మార్పు వద్దు. ఇప్పటికి రిమూవ్‌ఇఫ్ పెట్టి, యార్డుకి వేసవి సెలవులు ఇచ్చాక ఈ పని ఎత్తుకోండి.

అప్పుడే ఇంకొకటి కూడా. మీ రోజుఖాతా క్లాసు (సమాచారాన్నీ దానితో చేసే పనుల్నీ ఒకచోట ఉంచే కోడ్ భాగం) తన లిస్టును గెట్ మెథడ్‌తో (అందులోని ఒక పనితో) ఉన్నదున్నట్టు బయటికి ఇచ్చేస్తోంది. కాటా స్క్రీను, పట్టీ స్క్రీను, రిపోర్టు, మూడూ అదే లిస్టును పట్టుకుని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు లూపులు తిప్పుతున్నాయి. ఒక క్లాసు లిస్టును దాచుకునేది దేనికి? దాన్ని ఎవరు మార్చొచ్చో తను నిర్ణయించడానికి. బయటివాళ్లకు అన్‌మాడిఫయబుల్ (మార్చడానికి వీల్లేని) లిస్టుగా ఇవ్వండి, ఎవరైనా రిమూవ్ అంటే అక్కడికక్కడే ఎక్సెప్షన్ వస్తుంది. రద్దు చేయడం రోజుఖాతాకే ఒక మెథడ్‌గా ఉండాలి. అలా చేస్తే తప్పు జరగడానికి ఒకే చోటు మిగులుతుంది, వెతకడానికీ ఒకే చోటు. లూపు లోపల ఇది యార్డు లాటా, కోల్డ్ స్టోరేజీ లాటా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అడిగే ఇఫ్‌ల వరుస కూడా చూశాను. పట్టీ లెక్క మెథడ్ ఒక్కో రకం లాటు క్లాసులోనే ఉంటే, లూపు రకం అడగనక్కర్లేదు. తొందరేం లేదు, తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు అన్నయ్యగారి సంగతి. నలుగురి ముందు కేకలేయడం తప్పే. ఉద్యోగం ఇప్పించినంత మాత్రాన దానికి హక్కు రాదు. కానీ ఆ కోపాన్నీ కోడ్ సంగతినీ ఒకేసారి ఎత్తకండి, రెండూ చెడతాయి.

ఆయనతో ఒంటరిగా మాట్లాడటం ఒక దారి. సాయంత్రం కాటాలు నడిచే వేళ వద్దు. ఉదయం ఆఫీసు తీశాక, ఇంకా ఫోన్లు మొదలవకముందు చూసుకోండి. మాటలతో వాదించకుండా చిన్న ప్రోగ్రామ్ ఒకటి చూపించండి. ఐదు లాట్లు, అందులో మధ్యవి రెండు వరుసగా రద్దు, ఆయన హమాలీ లెక్కల్లోని లూపే. నడిపితే మూడు మిగలాల్సిన చోట నాలుగు కనిపిస్తాయి. "అన్నయ్యా, నా కోడ్‌లో తప్పు వెతుకుతుంటే ఇది కనిపించింది, ఇక్కడా అలాగే వస్తోంది, ఒకసారి చూస్తారా" అంటే చాలు. ఆయన మొదట విసుక్కోవచ్చు. తెర మీద అంకె కనిపించాక చాలామంది మెత్తబడతారు. మెత్తబడకపోయినా విషయం చెప్పిన మనిషి మీరవుతారు.

చెప్పకుండా ఆయన ఫైళ్లలో మీరే దిద్దేయడం రెండో దారి. మంచి ఉద్దేశంతో చేసినా నాకు నచ్చదు. రేపు ఆ లెక్కల్లో ఇంకేదైనా తేడా వస్తే మీరు ముట్టుకున్నందుకే అంటారు, కాదనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. యజమాని దగ్గరికి నేరుగా వెళ్లడం మూడోది. సీనియర్‌కి చెప్పకముందే వెళ్తే నాన్నగారి స్నేహం దాకా పాకుతుంది. ఆయనకు చూపించాక కూడా కొట్టిపారేస్తే మాత్రం వెళ్లక తప్పదు. అప్పుడు వెనకాడకండి, అది రైతుల డబ్బు. వెళ్లేముందు "నేను సార్‌కి చెబుతున్నాను" అని ఆయనకే చెప్పి వెళ్లండి. చాటుగా చెప్పారన్న మాట రాదు. ఊరుకోవడం కూడా ఒక దారే. కానీ మీ ఉత్తరం చదివాక, మీరు ఊరుకోగలరని నాకనిపించడం లేదు. ఊరుకుంటే సీజన్‌లో రోజూ సాయంత్రం గుండె దడదడలాడుతూ కూర్చోవాల్సింది మీరే.

కేకల సంగతి వేరే రోజు, వేరుగా చెప్పండి. "తప్పుంటే చెప్పండి అన్నయ్యా, దిద్దుకుంటాను. కొట్టువాళ్ల ముందు అంటే రేపు నేను వెళ్లినప్పుడు నా మాట వినరు." ఇందులో ఫిర్యాదు తక్కువ, పని ఎక్కువ ఉంది కాబట్టి ఆయనకు వినబుద్ధవుతుంది.

బ్యాంకు కోచింగ్ గురించి: బ్యాంకు ఉద్యోగం మంచిదే, అమ్మగారి ఆరాటం కూడా అర్థమవుతుంది. మీకు ఆ పని ఇష్టమైతే వెళ్లండి. వెళ్తే రాబోయే ఏడాది, రెండేళ్లు చదువుకే పోతాయి, ఈ చేతి అలవాటు కొంత తగ్గుతుంది. ఉంటే ఈ ఆఫీసులోనే ఉండాలనీ లేదు. విజయవాడలోనో ఇంకెక్కడో ఒకరి కోడ్ ఒకరు చదివి దిద్దే అలవాటున్న చోట చేరితే మీ ఎదుగుదల వేరేగా ఉంటుంది. ఏదైనా ఈ చీవాట్ల వేడిలో తేల్చకండి. సీజన్ అయ్యాక అమ్మగారితో కూర్చుని మాట్లాడండి. పనికొస్తానా అన్న ప్రశ్నకు నా జవాబు మాత్రం ఇప్పుడే చెబుతాను. తన లూపులో తప్పు దొరికాక, పక్క ఫైళ్లలో కూడా ఉందేమోనని వెతికిన మనిషి మీరు. ఎవరూ వెతకమని చెప్పలేదు. నేనైతే అలాంటి మనిషిని నా పక్కన కూర్చోబెట్టుకుంటాను.

టెస్టుల విషయంలో చిన్న అలవాటు చేసుకోండి. ఖాళీ లిస్టు, ఒక్కటే లాటున్న లిస్టు, అన్నీ రద్దయిన లిస్టు, మొదటిది రద్దు, చివరిది రద్దు, చివరినుంచి రెండోది రద్దు, పక్కపక్కన రెండు రద్దు. ప్రతిసారీ రెండూ చూడండి: పోవాల్సింది పోయిందా, ఉండాల్సింది ఉందా. ఆ టెస్టులన్నింటినీ మెథడ్‌లుగా రాసి పెట్టుకుంటే సీనియర్‌కి చూపించేదీ అదే అవుతుంది.

ఇంకో విషయం మీరు రాయలేదు, నేనే అడుగుతాను. పట్టీ రాని ఆ చివరి రైతుకి తర్వాతైనా ఇచ్చారా? అమ్మని లాటుకు వచ్చిన పట్టీ రద్దయిందా? ఆ రెండూ బయటపడినవి. బయటపడనివి ఉండొచ్చు. మొదటి కోడ్ నడిచిన రోజుల్లో చివరినుంచి రెండో లాటు రద్దయిన సాయంత్రాలు, రెండో కోడ్ నడిచిన రోజుల్లో పక్కపక్క లాట్లు రద్దయిన సాయంత్రాలు, ఈ రెండు రకాల తేదీలు మాత్రం వెతికితే చాలు. ప్రోగ్రామ్ తీసేసిన వరుసలు అందులో దొరకవు కాబట్టి కాటా చీటీలతో పోల్చాలి, గుమాస్తా సాయం అడగండి. దొరికిన తేదీలు కాగితం మీద రాసి సీనియర్‌కి, యజమానికి కలిపి ఇవ్వండి, సీజన్ లెక్కలు మూసేలోపే.